రెండు నిమిషాల ఇరవై ఒక్క సెకన్లు

అన్నపూర్ణేశ్వరి అని బారసాలనాడు పెట్టిన పేరు ఢిల్లీలో ఎవరి నోటికీ ఆనలేదు. మొగుడు ఉమాశంకర్ పూర్ణా అన్నాడు, ఫ్యాక్టరీ వాళ్ళు పూర్ణా మేడమ్ అన్నారు. జనక్‌పురిలో వాటా అద్దెకిచ్చిన ఇంటావిడ మాత్రం మద్రాసన్ అని ఊరుకుంది. మాది తెనాలండీ, మద్రాసు కాదు అని పూర్ణ రెండుసార్లు చెప్పి చూసింది. అచ్ఛా అచ్ఛా అంది ఆవిడ, మూడోసారి మళ్ళీ మద్రాసన్ అనే పిలిచింది. పోనీలే, గోడకు చెప్పినా ఇంతే అని పూర్ణ సరిపెట్టుకుంది. పేరు పోతే పోయింది గానీ పని దగ్గర మాత్రం ఆ పిల్ల ఎవరికీ తల వంచే రకం కాదు.

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివింది. పెళ్ళై ఢిల్లీ వచ్చేసరికి మొగుడు మినిస్ట్రీలో గుమాస్తా, నోట్‌షీట్ల మీద నోట్‌షీట్లు రాసుకునే మనిషి. ఈవిడ ఊరుకోకుండా సాహిబాబాద్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో చేరింది. పొద్దున ఆరున్నరకి చార్టర్డ్ బస్సెక్కి, మధ్యలో దిగి ఇంకో బస్సెక్కి, రెండు గంటలు ఒళ్ళు హూనమయ్యాక గేటు కనిపించేది. అక్కడ టైమర్లు చేసేవారు. బట్టల మిల్లులకి, బేకరీలకి, ఇంకా ఎవరెవరికో, ఇంతసేపు నడిచి ఆగాలి, ఇంతసేపటికి గంట కొట్టాలి అని చెప్పే పెట్టెలు. ముప్ఫైమంది పనివాళ్ళలో కుర్చీలో కూర్చుని కంప్యూటర్ ముందు పనిచేసే ఆడది పూర్ణ ఒక్కతే. మిగతా ఆడవాళ్ళంతా బెంచీల మీద వంగి బోర్డులకి టంకం పెట్టేవాళ్ళు.

ఆవిడ పని ఏమిటంటే, ప్రతి పెట్టెకీ ఒక ఫైలు రాయడం. చిన్న పనే అనుకుంటారు తెలియనివాళ్ళు. ఆ పెట్టె లోపల ఉండే చిప్పుకి కాలం అంటే ఏమిటో తెలియదు. దాని పక్కన గోరంత రేకు డబ్బా ఒకటి ఉంటుంది, క్రిస్టల్ అంటారు. కరెంటు తగిలితే చాలు, చలిజ్వరం వచ్చినట్టు వణుకుతూనే ఉంటుంది. సెకనుకి ఒక రకం కోటి పది లక్షల చిల్లర సార్లు వణికితే, ఇంకో రకం కోటి ఇరవై లక్షలసార్లు వణుకుతుంది. చిప్పు ఆ వణుకులు లెక్కపెడుతుంది, అంతే దానికి తెలిసిన విద్య. ఎన్ని వణుకులైతే ఒక సెకనో మనిషి ఫైల్లో రాసి చెప్పాలి. రాసిందే దానికి వేదం. తప్పు రాస్తే తప్పుడు సెకనునే పట్టుకుని, జన్మంతా అదే నిజమనుకుని నడుస్తుంది. ఎదురడగదు, అనుమానించదు. కొత్తకోడలు నయం.

పూర్ణకి ఒక పద్ధతుండేది. డబ్బా నెత్తిన అచ్చేసిన అంకె నమ్మేది కాదు. బోర్డు వచ్చినప్పుడల్లా మీటరుకి తగిలించి, అసలు ఎంత వణుకుతోందో తనే కొలిచి, అప్పుడే ఫైల్లో అంకె వేసేది. పక్కన తేదీ, తన పేరు. వర్క్స్ మేనేజరు రామమూర్తి గారు తెలుగాయనే, రాజమండ్రి వైపు, వైమానిక దళంలో రేడియోలు బాగుచేసి రిటైరై వచ్చాడు. ఆయన ఒకసారి అందరి ముందూ అన్నాడు:

"అమ్మాయ్, నీ ఫైలు చూసి నా వాచీ దిద్దుకోవచ్చు."

ఆ ఒక్క మాటా ఆ పిల్ల నెత్తికెక్కి కూర్చుంది. మెచ్చుకోలు అన్నది చింతకాయ లాంటిది, ఒకటి నోట్లో వేసుకుంటే పళ్ళు పులిసి ఇంకేదీ రుచించదు.

ఇలా ఉండగా తొంభై అయిదు ఎండాకాలంలో ఓనరుకి ఒక బుద్ధి పుట్టింది. ఊరందరికీ టైమర్లు అమ్ముతాం, మన గేటు దగ్గర చౌకీదారు చేత్తో ఇనపముక్క మీద గంట కొట్టడమేమిటి? ఒంటిగంటకి భోజనం వదిలినప్పుడు చౌకీదారు మీట నొక్కాలి, ఎర్రబల్బు వెలగాలి, సరిగ్గా అరగంటకి బజర్ మోగి గేటుకి దానంతటదే తాళం పడాలి. ఆ తరవాత వచ్చినవాడికి పూట జీతం పోయినట్టే. మూడుసార్లు గేటవతల చిక్కితే నాలుగోనాడు రానక్కర్లేదు.

రామమూర్తి గారు తొందరపెట్టాడు. స్టోర్సు పాపయ్య ఉన్నవేవో ఏరి బోర్డు కట్టించాడు. పూర్ణ బల్ల మీద ఆ రోజు బయటికి వెళ్ళాల్సిన పెట్టెలు పధ్నాలుగున్నాయి.

"మేడమ్, పాత రకం క్రిస్టల్ అయిపోయింది, వేరేది వేశాం," అన్నాడు పాపయ్య.

"ఊఁ, అక్కడ పెట్టు," అంది.

"మన గేటుకే కదమ్మా, కానివ్వు," అన్నాడు రామమూర్తి గారు గుమ్మంలోంచి.

పాత ఫైలు తీసి, పాత అంకెతోనే చిప్పు నింపి ఇచ్చేసింది. మీటరుకి తగిలించలేదు. వచ్చిన నాలుగేళ్ళలో కొలవకుండా ఇచ్చిన పెట్టె అదొక్కటే. పొరుగువాళ్ళకి పంపేవి పదిసార్లు తడిమి చూసి, సొంతిట్లో కూరకి ఉప్పు చూడని ఇల్లాళ్ళు ఉంటారు. సరిగ్గా ఆ తప్పే.

టంకం బెంచీల మీద కాంతమ్మ అని ఒకావిడ ఉండేది. టెక్కలి వైపు మనిషి. మొగుడు తాపీ పని మీద వచ్చాడు, అప్పట్లో పక్కనే వైశాలిలో ఫ్లాట్లు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి కదా, ఆ కట్టడాల మధ్యే రేకుల పాకలో కాపురం. ఏడు నెలల పిల్ల. పక్క పాకలో ముసలమ్మకి అప్పగించి వచ్చి, భోజనాల వేళ పరుగున వెళ్ళి పాలిచ్చి వచ్చేది. వెళ్ళడానికి ఎనిమిది నిమిషాలు, రావడానికి ఎనిమిది, పిల్ల తాగడానికి పన్నెండు. మొగుడి పాత వాచీ ఒకటి, గాజు పగిలింది, జాకెట్టులో దోపుకునేది. చౌకీదారు గంట కొట్టినన్నాళ్ళూ ఒంటిగంటా ఇరవై ఎనిమిదికి గేట్లో అడుగు పెట్టేది. తనేం తింటుందో ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

కొత్త పెట్టె బిగించిన మొదటి రోజునే గేటు ఆవిడ మొహం మీద పడింది. మరునాడు పాలు మధ్యలో మాన్పించి వచ్చింది, పిల్ల గుక్కపట్టి ఏడిచింది. ఇంకో నాలుగు రోజులకి మళ్ళీ పడింది. బీడీలు కాల్చే మగవాళ్ళు గేటు పక్కనే నిలబడి కాలుస్తారు గనక బజర్ ఎప్పుడు మోగినా లోపలికి దూకేవారు. గోడ గడియారం చూసి ఒకరిద్దరు తొందరగా మోగిందే అన్నారు గానీ, ఆ గడియారం ఎప్పుడూ తాగినట్టే నడిచేది. మూడోసారి గేటు పడ్డ రోజున కాంతమ్మ చౌకీదారుతో దెబ్బలాడింది. పంచాయితీ రామమూర్తి గారి గదికి చేరింది.

"నాను గడియారం సూసుకునే ఎల్లేను, సూసుకునే వచ్చేను బాబూ. ఇరవై ఎనిమిదికి గేటు కాడున్నాను. ఆ పెట్టిదే తప్పు."

రామమూర్తి గారికి ఇరకాటం. తెలుగువాళ్ళని వెనకేసుకొస్తాడని ఫ్యాక్టరీలో ఎవరో గొణిగారని ఆయనకి గుబులు. పరాయి ఊళ్ళో మనవాళ్ళకి ఇదొక తెగులు. మేం మావాళ్ళకి మేలు చెయ్యం అని చూపించుకోడానికి ముందు మనవాళ్ళ పీకే నులుముతారు. పూర్ణని పిలిపించాడు.

"చెప్పమ్మాయ్. టైమర్ తప్పే వీలుందా?"

ఒక్క అరగంట వాచీ చేత్తో పట్టుకుని గేటు దగ్గర నిలబడితే తేలిపోయే సంగతి. అది పూర్ణకి తట్టకపోలేదు. కానీ తన ఫైలుని పగిలిన వాచీతో సరిచూడడమా? 

"వాచీ తప్పుతుంది సార్. క్రిస్టల్ తప్పదు. ఫైలు నేనే రాశాను."

కాంతమ్మ ఆవిడకేసి తిరిగింది. "ఏటమ్మా అలగంటావు? ఇన్నాళ్ళూ సరిపోయిన దారి ఇప్పుడు సాగిపోనాదా? నా కాళ్ళకి తెల్దా ఎంత దూరమో?"

"కాళ్ళతో కొలిచే లెక్క కాదు కాంతమ్మా ఇది. సెకనుకి కోటిసార్లు కొట్టుకుంటుంది అది. నీకు చెప్పినా అర్థం కాదు."

"కోటిసార్లు కొట్టుకున్నా నా పిల్ల కడుపు నిండనేదు," అంది కాంతమ్మ. 

ఆవిడ పని కార్డు మీద ఆలస్యం, మూడుసార్లు అని ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టి, చేతికిచ్చి పంపేశారు. సాహిబాబాద్‌లో ఏ ఫ్యాక్టరీ గడప తొక్కినా ముందు ఆ కార్డే అడుగుతారు.

అయిదు వారాలు గడిచాక గేటు బజర్ గొంతు పట్టేసింది. పెట్టె ఊడదీసి పూర్ణ బల్ల మీద పెట్టారు. నాలుగు స్క్రూలు విప్పి మూత తీసింది. రేకు డబ్బా నెత్తిన పదకొండు బదులు పన్నెండు అని ఉంది. ఆ అంకెకేసి చూస్తూ ఎంతసేపు ఉందో, బెంచీల మీది ఆడవాళ్ళు కళ్ళు తిరిగాయేమో అనుకుని మంచినీళ్ళు తెచ్చారు. మీటరుకి తగిలించింది. కోటి ఇరవై లక్షలు. ఫైలు తెరిచింది. కోటి పది లక్షల యాభైతొమ్మిది వేల రెండువందలు. పక్కన తన పేరు.

క్రిస్టల్ తొందరగా వణుకుతోంది, ఫైలేమో నెమ్మదైనదని చెబుతోంది. చిప్పు పాపం రాసింది నమ్మి, అరగంట కాకుండానే అరగంట అయిందని గేటు మూసేసింది. కాగితం మీద గుణించి చూసుకుంది. ఇరవై ఏడు నిమిషాల ముప్ఫై తొమ్మిది సెకన్లు. రెండు నిమిషాల ఇరవై ఒక్క సెకన్లు తక్కువ. ఇరవై ఎనిమిదికి వచ్చిన కాంతమ్మ మొహం మీద గేటు పడి అప్పటికి ఇరవై ఒక్క సెకన్లయింది. అంతే. ఆ పగిలిన వాచీ పతివ్రతలా సరిగ్గా నడిచింది.

రామమూర్తి గారి గదిలోకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన లేచి తలుపు వేశాడు.

"దిద్దేశావా?"

"దిద్దేశాను సార్. మరి కాంతమ్మ?"

"ఈపాటికి ఎక్కడో చేరే ఉంటుంది. వాళ్ళకేం, రెక్కలుంటే చాలు."

"కార్డు మీద ఆలస్యమని రాశాం కదా సార్. ఎవరు తీసుకుంటారు?"

"కార్డు దిద్దితే మన టైమర్ తప్పని మనమే రాసిచ్చినట్టు. ఊళ్ళో ఇరవై ఆరు ఫ్యాక్టరీల్లో మన పెట్టెలున్నాయి. రేపు ప్రతి పనివాడూ వచ్చి మా గేటూ తప్పే అంటాడు."

"అవన్నీ నేను కొలిచే ఇచ్చాను. అవి సరిగానే ఉన్నాయి."

"నీకు తెలుసు, నాకు తెలుసు. వినేవాడికి తెలుసా? ఠీక్ హై, పనిచూసుకో అమ్మాయ్. పెద్ద నేరమేం చెయ్యలేదులే నువ్వు."

పెద్ద నేరం కాదన్న మాటే ఆవిడని తిననివ్వలేదు. మరునాడు భోజనాల వేళ వైశాలి దారి పట్టింది. కాంతమ్మ ఎనిమిది నిమిషాల్లో నడిచే దారి చెప్పులేసుకున్న పూర్ణకి పదకొండు పట్టింది. సిమెంటు దుమ్ము, ఇసక గుట్టలు, సగం లేచిన గోడలు. వెదురు పరంజాకి పాత చీరతో ఉయ్యాల కట్టి ఉంది, అందులో పిల్ల. పక్కన కాంతమ్మ ఇసక జల్లిస్తోంది. పూర్ణని చూసి జల్లెడ ఆపలేదు.

పూర్ణ చెప్పింది. తప్పు తనదేనంది. గేటు రెండు నిమిషాల పైచిలుకు ముందే పడిందంది. చెబుతూ చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

కాంతమ్మ జల్లెడలో మిగిలిన గులకరాళ్ళు పక్కన పోసి అప్పుడు లేచింది.

"నువ్వేడిస్తే నాకేటొస్తాదమ్మా?"

"నన్నేం చెయ్యమంటావో చెప్పు."

"నాలుగు ఫ్యాక్టరీలు తిరిగేను. కార్డు సూసి బైటికి నడమన్నారు. ఇసక పనికి నా నడుం ఆగడం నేదు, పాలు ఎండిపోతన్నాయి. ఆలీసం నాది కాదు, పెట్టిది అని కాయితం మీద రాయి. నీ సేవ్రాలు పెట్టు. నువ్వు రాస్తే మిషన్లే నమ్ముతాయంట కదా, మనుసులు నమ్మరా?"

పూర్ణ రాసింది. ఆ మాట చెప్పుకోవాలి. కంపెనీ పేరున్న కాగితం ఒకటి టైపిస్టు సొరుగులోంచి తీసి, ఇంగ్లీషులో ముత్యాల్లాంటి అక్షరాలతో, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా గేటు టైమర్లో అంకె తప్పు, కాంతమ్మ వేళకే వచ్చింది, తప్పు నాది అని రాసి, సంతకం పెట్టి, హోదా వేసి, తనే తీసుకెళ్ళి చేతికిచ్చింది. కాంతమ్మ దాన్ని పాలిథిన్ సంచీలో చుట్టి దాచుకుంది. థాంక్స్ లాంటి మాటలేమీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు. ఆ సాయంత్రం బస్సులో పూర్ణ నిద్రపోయింది, ఆ పెట్టె మూత తీసిన తరవాత మొదటిసారి.

ఆ నిద్ర నాలుగు రోజులు. స్టెబిలైజర్లు చేసే ఇంకో ఫ్యాక్టరీవాళ్ళు ఆ కాగితం చూసి కాంతమ్మని పనిలో పెట్టుకున్నారు. పెట్టుకున్నవాళ్ళు ఊరుకోక, మీ టైమర్లు ఇలా ఉంటాయా సాబ్, మేం రెండు కొందామనుకుంటున్నాం అని రామమూర్తి గారికి ఫోన్ చేసి నవ్వారు.

ఆయన పూర్ణని కూర్చోబెట్టి, గొంతు పెంచకుండానే చెప్పాడు.

"ఓనరుకి తెలిసిపోయింది. ఆ కాగితం నువ్వు జాలిపడి రాశావు, టైమర్ పరీక్షించి చూశాం, ఏ లోపమూ లేదు అని ఇంకో కాగితం రాసివ్వు. లేదూ, రాజీనామా కాగితం రాసివ్వు. రెండిట్లో ఏది రాసినా రేపు పొద్దున్నకి నా బల్ల మీద ఉండాలి. నువ్వు మన పిల్లవి గనక ఒక రాత్రి గడువిస్తున్నాను."

మన పిల్లట.

ఇంటికొచ్చి మొగుడితో చెప్పింది. ఉమాశంకర్ కంచంలో పప్పు కలుపుకుంటూ విన్నాడు. మినిస్ట్రీలో పదమూడేళ్ళు కాగితాల మధ్య బతికినవాడు, ఇలాంటివి ఆయనకి వెన్నతో పెట్టిన విద్య.

"ముందు ఆ కాగితం రాయడమే బుద్ధితక్కువ. నన్నడిగితే నోటిమాటతో పోనిచ్చేవాణ్ణి."

"నోటిమాట ఆవిడకి కూడు పెడుతుందా?"

"నీ కూడు సంగతి చూడు. ఆ కుర్చీ దిగితే మళ్ళీ అలాంటిది దొరుకుతుందా నీకు? బెంచీ మీద కూర్చుని టంకం పెడతావా?"

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. ఉద్యోగం పోతుందని కాదు భయం. మొగుడి జీతంతో ఇల్లు గడిచిపోయేదే. కుర్చీ దిగాలి, మీటరు పోవాలి, పూర్ణా మేడమ్ పోయి మద్రాసన్ ఒక్కతే మిగలాలి. అది తలచుకుంటేనే ఆవిడకి ఊపిరాడలేదు. కాంతమ్మ నడుమూ పాలూ ఆ ఊపిరి ముందు ఎంత దూరమో జరిగిపోయాయి. మనిషి మంచితనం ఎంతవరకు అంటే తన పీట కదలనంతవరకు. అందరూ అంతేనని సర్దిచెప్పుకోవచ్చు గానీ, సర్దిచెప్పుకున్నంత మాత్రాన అది మంచితనం అయిపోదు.

ఉమాశంకర్ చెయ్యి కడుక్కుని వచ్చి మొదటి ముక్క తనే చెప్పాడు. సానుభూతితో, పూర్తి విచారణ లేకుండా ఇచ్చిన పత్రం అని రాయమన్నాడు. అది అబద్ధం కాదట. పూర్ణ రాసింది. టైమర్ పరీక్షించగా లోపం కనబడలేదు అన్న వాక్యం దగ్గర కలం ఆగింది.

"ఇది అబద్ధమేగా," అంది.

"ఒక్కటేగా," అన్నాడు ఆయన.

రాసింది. తేదీ వేసి, పేరు వేసి, మడత పెట్టింది. మరునాడు రామమూర్తి గారు దాన్ని చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, కాగితం సొరుగులో పెట్టుకుని, నకలొకటి స్టెబిలైజర్లవాళ్ళకి పంపించాడు. ఆ తరవాత ఎన్నేళ్ళు పనిచేసినా ఆయన మళ్ళీ ఆవిడ ఫైలు గురించి ఎవరి ముందూ ఎత్తలేదు.

వారం తిరక్కుండానే ఒక సాయంత్రం, ఫ్యాక్టరీ వదిలాక, మెయిన్ రోడ్డు మీద బస్సు కోసం పూర్ణ నిలబడి ఉంది. చంకలో పిల్లతో కాంతమ్మ వచ్చింది. ఆరేడుగురు ఆడవాళ్ళు కూడా ఉన్నారు అక్కడ, బెంచీలవాళ్ళు. కాంతమ్మ గొంతు ఎత్తలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే పూర్ణ బతికిపోయేది.

"పనిలోంచి తీసేసేరమ్మా. ఎందుకు బాబూ అంటే ఇంకో కాయితం సూపించేరు. రెండిటి మీదా నీ సేవ్రాలేనంట."



కాంతమ్మ పాలిథిన్ సంచీలోంచి మొదటి కాగితం తీసింది. నలగలేదు, మడత కూడా సరిగ్గా ఇచ్చినప్పటిలాగే ఉంది.

"నాకు సదువు రాదు. అక్కడోళ్ళు ఇది అబద్దం అన్నారు. నాను నిజమేనన్నాను. నువ్వు రాసినావు గాబట్టి నువ్వే సెప్పు, ఈళ్ళందరూ ఇంటన్నారు. ఇది అబద్దమా?"

బెంచీలవాళ్ళు కబుర్లు ఆపి చూస్తున్నారు. వాళ్ళలో ఒక్కరు కూడా రామమూర్తి గారి దగ్గరికి పరిగెత్తే మనిషి కాదు. నిజం చెప్పినా ఆ సాయంత్రం పోయేదేమీ లేదు. పూర్ణ నోరు తెరిచింది. పెదవులు కదిలాయని తరవాత బెంచీలవాళ్ళు చెప్పారు. మాట మాత్రం ఎవరికీ వినపడలేదు.

 పిల్ల ఆ కాగితం అంచు పట్టుకుని లాగబోతే, కాంతమ్మ దాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, కాగితం పూర్ణ చేతిలో పెట్టింది.

"నీ కాడే ఉంచుకో. నాకు దీంతో పనైపోనాది."

బస్సొచ్చింది. పూర్ణ ఎక్కింది.